ఎక్కడ ఆగింది?

తెలుగులో ఎవరికీ ఉపయోగపడని వాక్యాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటి బహుమతి ఇవ్వవలసివస్తే నేను "పనిచెయ్యడం లేదండీ" అనేదానికి ఇస్తాను. డాక్టరు దగ్గరకు పోయి "ఒళ్ళు బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన ఏ మందని ఇస్తాడు? ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, తిండికి ముందా తరవాతా అని ఆయన అడగాలి, మనం చెప్పాలి. కంప్యూటరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఎంత చదువుకున్నవాళ్ళయినా ఆ రెండు మాటలతోనే సరిపెట్టుకుంటారు. పైగా చెప్పేటప్పుడు దాని వైపు ఒకసారి కోపంగా చూస్తారు, అది సిగ్గుపడుతుందేమోనని.

ఈ మధ్య ఆ వాక్యం నా చెవిన మరీ తరచుగా పడుతున్నది. దానికి కారణం లేకపోలేదు. విండోసు 10కి మైక్రోసాఫ్టువారి మామూలు సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసింది. పోనీ 2021లో వచ్చిన విండోసు 11 ఎక్కిద్దామంటే అది పాత యంత్రాల మీద ఎక్కనంటుంది. టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సాధనం కావాలంటుంది, ఫలానా తరం ప్రాసెసరు కావాలంటుంది. మా నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డున అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు ఇళ్ళలోనూ బడులలోనూ ఉన్నవి ఎక్కువగా పదేళ్ళనాటి యంత్రాలు. పాలిచ్చే ఆవును ఎవరూ కటికవాడికి అమ్మరు గదా! అందుకని జనం లినక్సు వైపు చూస్తున్నారు. 1991లో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్సు మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు కొనుబడి లేదు, పాత యంత్రమని చిన్నచూపూ లేదు. మనకు దగ్గరగానే చెన్నైలో సి-డాక్ సంస్థవారు "బాస్" అనే భారతీయ లినక్సును తయారుచేశారు. హైదరాబాదులో "స్వేచ్ఛ" సంస్థవారు తెలుగు ముఖంతో ఒకటి తయారుచేశారు.

దానికీ తెలుగు పంతులుకూ సంబంధమేమిటని మీరడగవచ్చు. మా కాలేజీలో మిత్రులూ అడిగారు. సంబంధమున్నది. లినక్సు ఎక్కించాలంటే ముందు పెన్‌డ్రైవు తయారుచేసుకోవాలి. దానితో యంత్రం మేలుకోవాలి. ఆ మేలుకోవడాన్నే "బూటు కావడం" అంటారు. ("బూటు కాకపోతే చెప్పు వేసి చూడండి" అన్నారు మా చరిత్ర లెక్చరరుగారు. వారికి కంప్యూటరు రాదు గాని తెలుగు బాగా వచ్చు.) అది మేలుకోనప్పుడు కారణం వెతికే పద్ధతి మన తర్కశాస్త్రంలో ఎప్పటినుంచో ఉన్నది. అన్వయమనీ, వ్యతిరేకమనీ రెండు మాటలు విన్నారు గదా. పొగ ఉన్నచోట నిప్పు ఉన్నది, ఇది అన్వయం. నిప్పు లేనిచోట పొగ లేదు, ఇది వ్యతిరేకం. రెండూ కుదిరితేనే నిప్పుకూ పొగకూ సంబంధం నిశ్చయం. ఒకటి మార్చి తక్కినవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఉంచి చూడటమే ఇందులోని కీలకం. అయిదు మార్చి చూసి "బాగైంది" అన్నవాడికి ఏది మారిస్తే బాగైందో తెలియదు. మళ్ళీ చెడ్డనాడు మళ్ళీ అయిదూ మార్చవలసిందే.

ఇంకొక సంగతి. యంత్రం మేలుకోవడమనేది ఒక్క పని కాదు. పూర్వం తపాలా రన్నర్లు సంచీని ఒకరి చేతినుంచి ఒకరికి అందించినట్టు, ఇది నలుగురి చేతులు మారే పని. మీట నొక్కగానే మొదట లేచేది యంత్రంలోనే కాపురమున్న ఫర్మ్‌వేరు. పాతవాటిలో దాన్ని బయాస్ అంటారు, కొత్తవాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అంటారు. అది పెన్‌డ్రైవును చూసి అందులోని లోడరుకు సంచీ ఇస్తుంది. లోడరు లినక్సు గుండెకాయ అయిన కెర్నలుకు ఇస్తుంది. కెర్నలు మనకు కనబడే తెరకు ఇస్తుంది. కనుక ఉత్తరం రాలేదని అల్లరిచేసేకంటె ఏ రన్నరు దగ్గర సంచీ ఆగిందని అడిగితే సగం జబ్బు కుదిరినట్టే.

ఈ సంగతులన్నీ ఇంత వివరంగా ఆలోచించవలసి వచ్చింది ఒక పెద్దాయన మూలంగా. ఆయన ఎలిమెంటరీ స్కూలు మాస్టరుగా ముప్పయ్యేళ్ళకు పైగా సముద్రపు ఒడ్డు పల్లెల్లో పనిచేసి రిటైరైనారు. ఎనభై దాటాయి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సాయంత్రాలు పట్టపువాళ్ళ మధ్య కూర్చుని, వలల పేర్లు, గాలుల పేర్లు, చేపల పేర్లు, పడవ భాగాల పేర్లు రాసుకున్నారు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. 1971లో చేనేత పదాల సంపుటం తెచ్చారు. వాటిని చూసి మాస్టారుకు కోరిక పుట్టింది, తన పల్లెల మాటలు తానే కూర్చాలని. 2004లో కావలిలో ఒక డి.టి.పి. కొట్టులో ఆ నోటుపుస్తకాలన్నీ టైపు చేయించారు. అచ్చువేయడానికి డబ్బు చాలలేదు. నోటుపుస్తకాలు ఒక తుపానులో తడిసి పోయినాయి. ఆ కొట్టూ ఎత్తేశారు. మిగిలినవి రేకు పెట్టెలో మూడు సీడీలు.

ఆ సీడీలను మాస్టారి పాత శిష్యుడి మనవడు, మా కాలేజీలో డిగ్రీ రెండో ఏడు చదివే కుర్రవాడు, నా దగ్గరకు తెచ్చాడు. తెరిచి చూస్తే అందులో పేజిమేకరు ఫైళ్ళు. అక్షరాలు "అను" ఫాంట్లవి. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఆ ఫైళ్ళను తెరుస్తాయి గాని, తెరిస్తే కనబడేది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలూ కామాలూ బ్రాకెట్లూ కలగాపులగమై, పిల్లి టైపు మిషను మీద నడిచినట్టుంటుంది.

దీనికి కారణం చెప్పాలి. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య గల గది ఉంటుంది. యూనికోడు పద్ధతిలో తెలుగుకు సొంతంగా 128 గదుల వరుస ఉన్నది. కాని మన డి.టి.పి. కొట్లు పనిచేసిన పేజిమేకరుకు యూనికోడు తెలియదు. కనుక అప్పటివారు ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు అక్షరాల ముక్కలను, తలకట్టొకచోట, కొమ్మొకచోట, ఒత్తొకచోట, అద్దెకు పెట్టారు. ఆ ఫాంటు ఉన్నంతకాలం అద్దెవాళ్ళు కనబడతారు. ఫాంటు తీసేస్తే ఇంటి అసలు యజమాని ఇంగ్లీషు అక్షరం బయటికి వస్తుంది. తెలుగు పుస్తకాలూ పత్రికలూ పెళ్ళి పిలుపులూ ఎన్నో ఏళ్ళపాటు ఇట్లా అద్దె ఇళ్ళలోనే పుట్టి పెరిగాయి.

అసలు పేజీ ఎట్లా ఉండేదో చూడాలంటే ఆనాటి విండోసు, ఆనాటి పేజిమేకరు, ఆనాటి "అను" మూడూ కావాలి. మాస్టారి అదృష్టం కొద్దీ ఆ కొట్టాయన కొట్టు మూసేటప్పుడు తాను కొన్న డిస్కులన్నీ ఆయనకే ఇచ్చి వెళ్ళాడు. కాని విండోసు ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సంరక్షణ ఆగిపోయింది. నేటి యంత్రం మీద దాన్ని నేరుగా ఎక్కించడం కష్టం, ఎక్కించి ఇంటర్నెట్టుకు కలపడం ప్రమాదం. అందుకని కుర్రవాడి పాత లాప్‌టాపు మీద లినక్సు ఎక్కించి, దాని లోపల వర్చువల్ మెషీను పెట్టి, ఆ లోపలి యంత్రంలో ఎక్స్‌పీ పెడదామని నిశ్చయించాము.

మూడో రోజు కుర్రవాడు వచ్చాడు.

"సార్, పెన్‌డ్రైవు పనిచెయ్యడం ల్యా."

"ఎక్కడ ఆగింది?"

"ఆగడమేంది సార్, అసలు మొదలే కాలా."

మొదలు కాకపోవడమూ ఒక చోటే. మొదటి రన్నరు రెండోవాణ్ణి చూడలేదన్నమాట. పెన్‌డ్రైవును నా కంప్యూటరుకు పెట్టి చూశాను. అందులో లినక్సు ఐ.ఎస్.ఓ. ఫైలు ఒక్కటే, నిక్షేపంలా ఉన్నది. మామూలు ఫైలును కాపీ చేసినట్టు చేసి తెచ్చాడు. విత్తనాల మూట గట్టు మీద పెడితే మొలకలు రావు గదా, విప్పి చల్లాలి. ఐ.ఎస్.ఓ. అనేది ఒక డిస్కు మొత్తానికి తీసిన అచ్చు. దాన్ని పెన్‌డ్రైవు మీద రూఫసు, ఎచ్చరు వంటి సాధనంతో మొదటి గది నుంచి "రాయాలి". వెంటాయ్ అనే సాధనం ఉన్నది. దాన్ని ఒకసారి పెన్‌డ్రైవులో ఎక్కిస్తే ఆ తరవాత ఐ.ఎస్.ఓ.లను మామూలుగా కాపీ చేస్తే చాలు. కాని వెంటాయ్ లేకుండా కాపీ చేస్తే అది మూటే.

లినక్సులో డీడీ అనే ఆజ్ఞతోనూ రాయవచ్చు. అది మహా విధేయురాలు. ఏ డిస్కు పేరు చెబితే దాని మీద రాస్తుంది, "ఇందులో మీ పెళ్ళి ఫోటోలున్నాయండీ" అని గుర్తుచెయ్యదు. కనుక ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే అనే ఆజ్ఞతో డిస్కుల పట్టిక తెప్పించి, పెన్‌డ్రైవు పెట్టకముందు ఒకసారి, పెట్టిన తరవాత ఒకసారి చూడవలె. కొత్తగా వచ్చిన పేరే పెన్‌డ్రైవు. అన్వయమూ వ్యతిరేకమూ ఇక్కడనే పనికొచ్చాయి చూశారా! రాయడం పూర్తయిందన్న వెంటనే పెరికివేయకూడదు. రాత కొంత ఇంకా జ్ఞాపకంలోనే నిలిచి ఉండవచ్చు. "ఎజెక్టు" చేసి తీయాలి. అట్లా రాసిన పెన్‌డ్రైవును విండోసుకు పెడితే "దీన్ని ఫార్మాటు చెయ్యమంటారా?" అని అడుగుతుంది. దానికి ఆ రాత చదవరాక అడిగే ప్రశ్న అది. వద్దనండి.

రాసేముందు మరొక పరీక్ష. ఐ.ఎస్.ఓ. ఇచ్చేవారు దానితోపాటు షా-256 అనే 64 గుర్తుల వరుసను ప్రకటిస్తారు. మన దగ్గరికి చేరిన ఫైలుకు మనమూ ఆ లెక్క కట్టి పోల్చాలి. ఒక్క గుర్తు తేడా ఉన్నా ఫైలు దారిలో చెడిందన్నమాట. పూర్వం తాళపత్రాలు రాసినవారు 32 అక్షరాలను ఒక గ్రంథంగా లెక్కించి మొత్తం ఇన్ని గ్రంథాలని చివర వేసేవారు. ఇదీ ఆ వంశంలోదే, కాకపోతే మరీ నిక్కచ్చి.

రెండోసారి సక్రమంగా రాసి తెచ్చాడు. నా యంత్రం మీద లేచింది, అతని లాప్‌టాపు మీద లేవలేదు. ఇక దోషం పెన్‌డ్రైవుది కాదు, లాప్‌టాపుది. అదే రెండు యంత్రాలమీదా లేవకపోతే పెన్‌డ్రైవును అనుమానించాలి. ఈ ఒక్క పరీక్ష రెండు రోజుల కాలక్షేపాన్ని మిగులుస్తుంది. అప్పుడు లాప్‌టాపును పట్టుకున్నాము. పెన్‌డ్రైవును మరొక రంధ్రంలో పెట్టగానే పట్టికలో దాని పేరు కనబడింది. మొదటి రంధ్రంలో ఇత్తడి రంగు రేకులు చిలుము పట్టి ఉన్నాయి. సముద్రానికి దగ్గర ఇల్లు. కిటికీ ఊచలనే తినేసే ఉప్పుగాలికి ఈ పలుచని రేకులొక లెక్కా! మా ప్రాంతంలో యంత్రం మొరాయిస్తే శాస్త్రమంతా తిరగేసేముందు రంధ్రం మార్చి చూడటం మంచిది.

పేరు కనబడినా ఎక్కనివ్వని సందర్భాలున్నాయి. మీట నొక్కగానే కంపెనీని బట్టి ఎఫ్ 12, ఎఫ్ 9 లేదా ఎస్కేపు నొక్కితే బూటు పట్టిక వస్తుంది. అందులో ఒకే పెన్‌డ్రైవు రెండుసార్లు కనబడవచ్చు, యు.ఇ.ఎఫ్.ఐ. అన్న బిరుదుతో ఒకటి, లేకుండా ఒకటి. కొత్త యంత్రాలకు బిరుదున్నదే ఎంచుకోవాలి. "సెక్యూర్ బూట్" అనే ద్వారపాలకుడున్నాడు. ముద్రలేని లోడరును లోపలికి రానివ్వడు. ఉబుంటు, ఫెడోరా వంటివాటికి ముద్ర ఉన్నది. వెంటాయ్‌కి మొదటిసారి నీలం తెరమీద మనమే పరిచయం చేయాలి. యంత్రంలో విండోసు బిట్‌లాకరు తాళం వేసి ఉంటే, ఈ సెట్టింగులు ముట్టుకునేముందు దాని రికవరీ తాళంచెవి సంఖ్య రాసిపెట్టుకోవాలి. లేకపోతే ఇంటాయనే వీధిలో నిలబడవలసివస్తుంది.

పట్టిక దాటి లినక్సు పేరు కనబడి ఆ తరవాత తెర నల్లబడితే సంచీ నాలుగోవాడి దగ్గర ఆగిందన్నమాట. అది తరచుగా గ్రాఫిక్సు కార్డు తగువు. లోడరు పట్టికలోనే "నోమోడ్‌సెట్" అన్న మాట చేర్చి చూడాలి. అన్నీ సాగి, తీరా ఎక్కించబోతే లోపలి డిస్కు కనబడకపోతే, ఇంటెల్ యంత్రాలలో డిస్కు ఆర్.ఎస్.టి. అనే ముసుగులో ఉన్నదేమో చూడాలి. ఫర్మ్‌వేరులో దాన్ని ఎ.హెచ్.సి.ఐ.కి మార్చాలి. కాని అక్కడ విండోసును కూడా ఉంచుకోదలిస్తే, ముందు దాన్ని ఆ మార్పుకు సిద్ధం చెయ్యాలి. లేకపోతే అదీ లేవదు.

కుర్రవాడి లాప్‌టాపు మీద లినక్సు ఎక్కింది. ఇక లోపలి యంత్రం.

వర్చువల్ మెషీను అంటే మయసభ. మయుడు నేలను నీళ్ళలాగా నీళ్ళను నేలలాగా కనబరిచాడు, దుర్యోధనుడు నమ్మాడు. ఇక్కడ అతిథిగా వచ్చిన ఎక్స్‌పీకి మనం ఒక పెద్ద ఫైలును చూపించి "ఇది నీ డిస్కు" అంటాము. జ్ఞాపకంలో ఒక ముక్క కోసి ఇచ్చి "ఇదంతా నీదే" అంటాము. అది నమ్మి కాపురం పెడుతుంది. పడితే నవ్వేవారు లేరు గనుక కురుక్షేత్రం జరగదు. దానిలో వైరసు చేరినా, చెడినా, ఆ ఒక్క ఫైలును తుడిచేస్తే సరి.

"సార్, దీనికి ఎక్స్‌పీ పెన్‌డ్రైవు వేరే రాయాల్నా?" అని కుర్రవాడు అడిగాడు. అక్కరలేదు. మయసభలో ద్వారాలు కూడా మాయవే. సీడీకి తీసిన ఐ.ఎస్.ఓ.ను అట్లాగే చూపిస్తే లోపలి యంత్రం దాన్ని సీడీ అనుకుంటుంది. దీనికి ఇంకొక ప్రయోజనమున్నది. పెన్‌డ్రైవు మీద రాయబోయే ఏ ఐ.ఎస్.ఓ.నైనా ముందు వర్చువల్ మెషీనులో లేపి చూడవచ్చు. అక్కడ లేచి ఇక్కడ లేవకపోతే దోషం ఫైలుది కాదు, రాతదో యంత్రానిదో అయి ఉండాలి.

అతను వర్చువల్‌బాక్సు పెట్టి అతిథిని పిలిచాడు, రాలేదు. కాని ఈసారి నన్ను అడిగిన తీరు వేరు. "సార్, స్టార్టు నొక్కంగానే ఆగింది. వి.టి.ఎక్స్ బయాస్‌లో ఆపేసుండాదని చెప్తా ఉండాది" అన్నాడు. నాకు సంతోషమైంది. ఇంటెల్‌వారు 2005లోనూ, ఎ.ఎం.డి.వారు 2006లోనూ ఈ మయసభ పనికి ప్రాసెసరులోనే సాయం పెట్టారు. చాలా యంత్రాల్లో దాని మీట ఫర్మ్‌వేరులో మూసి వస్తుంది. తెరిచాము.

ఆ తరవాతివారం, లినక్సుకు కొత్త కెర్నలు వచ్చిన మర్నాడు, మళ్ళీ ఆగింది. కెర్నలు డ్రైవరు లేదని చెప్పింది. ఈ సాఫ్ట్‌వేరుకు కెర్నలుతో కలిసి పనిచేసే ఒక ముక్క ఉంటుంది. కెర్నలు మారినప్పుడల్లా దాన్ని కొత్త కొలతకు కుట్టాలి. కుట్టడానికి ఆ కెర్నలు తాలూకు హెడర్లు కావాలి. అవి పెట్టగానే కుదిరింది. సెక్యూర్ బూట్ ఉన్నచోట ఆ ముక్కకూ ముద్ర వేయాలి. ఇంకొక చిక్కున్నది. లినక్సులోనే 2007 నుంచి కె.వి.ఎం. అనే సొంత మయుడున్నాడు. 2024 నవంబరులో వచ్చిన 6.12 కెర్నలు నుంచి అతను లేవగానే ప్రాసెసరు సాయాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. ఒకే గుర్రం మీద ఇద్దరు రౌతులు కుదరకపోవచ్చు. అట్లా తగువు పడితే ఎవరినో ఒకరిని దింపాలి.

చివరి ఆటంకం ఎక్స్‌పీది. ఎక్కించబోతే "డిస్కే లేదు" అన్నది. ఎక్స్‌పీ పుట్టింది 2001లో. సాటా పద్ధతి డిస్కును ఎ.హెచ్.సి.ఐ. వేషంలో చూపిస్తే ఆ వయసుదానికి గుర్తుపట్టడం తెలియదు. ఐ.డి.ఇ. పద్ధతిలో చూపించగానే గుర్తుపట్టింది. అతిథి పేరు మొదటనే సరిగా "విండోసు ఎక్స్‌పీ" అని నమోదు చేస్తే ఈ మర్యాదలన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. జ్ఞాపకం 512 మెగాబైట్లు చాలు. నెట్‌వర్కు తీగ మాత్రం పీకేసి ఉంచాలి. అంతా కుదిరిన తరవాత ఒక "స్నాప్‌షాట్" తీసి ఉంచితే, ఎప్పుడు చెడినా ఆ క్షణానికి తిరిగి పోవచ్చు. మనుష్యులకు లేని సౌకర్యం.

సీడీల్లో ఉన్నవి పద్దెనిమిది ఫైళ్ళు. ఒక సీడీ గీతలు పడి రెండు చదవలేకపోయాము. తక్కిన పదహారూ మయసభలోని పాత విండోసులో తెరుచుకున్నాయి. ఇంగ్లీషు గందరగోళమంతా తెలుగైపోయి, వరుసగా, అందంగా, మాటలూ అర్థాలూ కనబడ్డాయి.

పని అయిపోయిందనుకోకండి. అద్దె ఇంట్లో ఉన్న అక్షరాలను సొంత ఇంటికి చేర్చాలి. "అను" నుంచి యూనికోడుకు మార్చే సాధనాలను భాషాభిమానులు తయారుచేసిపెట్టారు. అవి చాలావరకు మారుస్తాయి గాని, దీర్ఘాల దగ్గరా ఒత్తుల దగ్గరా అక్కడక్కడా తడబడతాయి. "తెప్ప"లో ఒత్తు పోతే "తెప" అవుతుంది. "మాగ" చేపకు దీర్ఘం పోతే "మగ" చేప అవుతుంది. వీటిని నేను దిద్దగలను. కాని ఒకచోట "చుక్కాని" అని, మరొకచోట "చుక్కాణి" అని ఉన్నది. యంత్రం తప్పా? టైపు చేసినవాడి తప్పా? లేక రెండు పల్లెల్లో రెండు విధాల ఒప్పా? నిఘంటువులో లేని మాటలు వందల కొద్దీ ఉన్నాయి. అక్కడ ఎం.ఎ. చదువు ఒడ్డున నిలబడి చూడవలసిందే.

మాస్టారిని అడిగాము. ఆయనకు చూపు మందగించింది. కుర్రవాడు చదివి వినిపిస్తాడు, ఆయన కళ్ళు మూసుకుని వింటారు. "అది తప్పు నాయనా, ఇంకోసారి చదువు" అంటారు. "అదట్లాగే ఉండనీ, ఆ పల్లెలో అట్లాగే అంటారు" అంటారు. "ఆ మాట చెప్పినాయన పోయి ఇరవయ్యేళ్ళయింది" అని కాసేపు ఊరుకుంటారు. పోయిన రెండు ఫైళ్ళలో ఏముండేదో కూడా జ్ఞాపకమున్నంతవరకు చెబుతున్నారు. కుర్రవాడు ఈసారి నేరుగా యూనికోడులో రాసుకుంటున్నాడు. రోజుకు నాలుగైదు పేజీలు సాగుతున్నది. ఎక్కువైతే ఆయనకు ఆయాసం.

యంత్రం ఎక్కడ ఆగిందో ఓర్పుంటే ఎవరైనా కనుక్కోవచ్చు. దానికి ఈ రోజు కాకపోతే రేపు. ఈ పెన్‌డ్రైవు కాకపోతే మరొకటి. మాట ఎక్కడ తప్పిందో చెప్పగలిగేవాడు మాత్రం ఒక్కొక్క ఊళ్ళో ఒక్కొక్కడే ఉంటాడు, వారికి స్నాప్‌షాట్ లేదు.

మీ ఇళ్ళలోనూ పాత సీడీలుంటాయి. తాతగారు రాసిన శతకం, బడి రజతోత్సవ సంచిక, ఊరి చరిత్ర, భజన పాటలు, ఏదో ఒకటి డి.టి.పి. కొట్టులో టైపు చేయించి అచ్చుకు నోచుకోక ఆగిపోయి ఉంటుంది. తెరిస్తే పిల్లి నడిచినట్టు కనబడిందని పారవేయకండి. ముందు సీడీని చదివి దాని అచ్చు రెండుచోట్ల దాచండి, సీడీలూ ముసలివవుతాయి. ఆనాటి సాఫ్ట్‌వేరు డిస్కులుంటే వాటినీ దాచండి. తరవాత మయసభ కట్టండి. ఎక్కడైనా ఆగితే, ఆగినచోటూ తెర మీద కనబడిన మాటా కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకుని, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. అక్షరాలు బయటపడ్డ రోజున వాటిని చదివి వినిపించవలసిన మనిషి దగ్గరికి పోండి. ఈ వరుసలో ఏ పనికైనా వాయిదా వేయవచ్చు, ఆ చివరిదానికి తప్ప.